గుర్తుపట్టారా మాస్టారూ

రామచంద్రపురంలో భాస్కరం మాస్టారికి పొగరుబోతని పేరు. సైన్సు బాగా చెబుతాడనీ, పిల్లల మీద చెయ్యి చేసుకోడనీ, ట్యూషన్ల జోలికి పోడనీ అందరూ ఒప్పుకుంటారు. అయితే ఏం, బజారులో ఎదురైతే పలకరించడు. ముందురోజు బడికొచ్చి అరగంటసేపు మాట్లాడి వెళ్ళిన పిల్లాడి తండ్రి, మర్నాడు మందుల షాపు దగ్గర నవ్వుతూ చెయ్యెత్తితే, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూస్తాడు. పెళ్ళికి పిలిస్తే ఆఖరి వరసలో కూర్చుని, అక్షింతలు వేసి, భోజనానికి ఆగకుండా వచ్చేస్తాడు. యాభై దాటిన మనిషి, పెళ్ళి కాలేదు, మేడమీద అద్దెగదిలో ఒక్కడే ఉంటాడు. ఇక ఊరు ఇంకేమనుకుంటుంది?

భాస్కరం తన గురించి అనుకునేది వేరు. తనకి శ్రద్ధ తక్కువనుకునేవాడు. మనుషుల మీద తనకి ధ్యాస నిలవదనీ, అది తన స్వభావంలో ఉన్న లోపమనీ చిన్నప్పుడే తీర్మానించుకున్నాడు. అందుకని మనుషుల్ని పాఠంలా బట్టీపట్టేవాడు. హెడ్‌మిస్ట్రెస్ శ్యామలాంబగారికి కళ్ళజోడు గొలుసు ఉంటుంది. లెక్కల మాస్టారు త్రిమూర్తులు కాలు కొంచెం ఈడ్చి నడుస్తాడు. పిల్లలతోనే కష్టం. అందరిదీ ఒకే యూనిఫాం, ఆడపిల్లలందరికీ అవే రెండు జడలు, అవే రిబ్బన్లు. వాళ్ళని కూర్చునే చోటుని బట్టి గుర్తుపెట్టుకునేవాడు. తన పీరియడ్‌లో ఎవరూ చోటు మారకూడదని పట్టుబట్టేవాడు. అది క్రమశిక్షణ అని అందరూ అనుకున్నారు.

ఎవరైనా ఎదురుగా నిలబడి, “గుర్తుపట్టారా మాస్టారూ?” అని నవ్వితే మాత్రం అతను వాళ్ళ చెప్పుల వంకా, చేతిసంచీ వంకా చూసేవాడు. “ఎందుకు గుర్తుపట్టనండీ” అనేవాడు. ఆ తర్వాత వాళ్ళ మాటల్లోంచి ఊరి పేరో, పిల్లల చదువో ఏదో ఒక కొస దొరికేదాకా నవ్వుతూ తడుముకునేవాడు. కొస దొరక్కపోతే పనుందని చెప్పి బయటపడేవాడు. ఇలాంటివి ఎక్కువయ్యేకొద్దీ బయటికి వెళ్ళడం తగ్గించుకున్నాడు.

ఆ ఏడాది దసరా సెలవులయ్యాక వర్షిణి అనే అమ్మాయి బడికొచ్చింది. యూనివర్సిటీలో మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. పిల్లలూ పెద్దలూ కొత్త ముఖాల్ని ఎలా చూస్తారు, ఎంత త్వరగా నేర్చుకుంటారు, ఏ వయసులో అది ఎలా మారుతుంది అన్నది ఆమె అంశం. ఆరో తరగతి పిల్లలు కావాలి, తొమ్మిదో తరగతి పిల్లలు కావాలి, వాళ్ళతో పోల్చడానికి పెద్దవాళ్ళూ కావాలి. సైన్సు ల్యాబ్ ఆ అమ్మాయికి ఇవ్వమని శ్యామలాంబగారు భాస్కరానికి చెప్పారు.

అతనికి ఆ పని నచ్చింది. కిటికీలకి పాత దుప్పట్లు కట్టి వెలుతురు తగ్గించాడు. ప్రయోగం అంటే ఏంటో, అందరికీ ఒకే పరిస్థితి ఎందుకు ఉండాలో తరగతిలో వివరించాడు. పిల్లలు ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి, లాప్‌టాప్ ముందు కూర్చుని, ఆట ఆడినట్టు ఆడి బయటికొచ్చేవారు. హారతి అనే ఆరో తరగతి పిల్ల, “సార్, నేను ఒక్కటి కూడా తప్పు కొట్టలేదు” అని చెప్పి మరీ వెళ్ళింది.

తర్వాత టీచర్ల వంతు. త్రిమూర్తులు కాసేపట్లో ముగించుకుని, “ఏముందండీ ఇందులో” అంటూ లేచాడు. భాస్కరం కూర్చున్నాడు.

తెరమీద ఒక ముఖం వచ్చింది. జుట్టు, చెవులు, మెడ ఏవీ లేకుండా కోడిగుడ్డు ఆకారంలో కత్తిరించి ఉంది. అది పోయి మూడు ముఖాలు వచ్చాయి. ముందు చూసినది ఏదో మీట నొక్కి చెప్పాలి. భాస్కరానికి మూడూ ఒకేలా కనిపించాయి. ముక్కులు ఉన్నాయి, కళ్ళు ఉన్నాయి, నోళ్ళు ఉన్నాయి. ఏదో ఒకటి నొక్కాడు. మళ్ళీ మూడు. మళ్ళీ ఏదో ఒకటి. తనకి శ్రద్ధ లేదన్నది ఇలా లెక్కల్లో బయటపడుతోందని సిగ్గేసి, ముందుకి వంగి ఇంకా గట్టిగా చూశాడు. ముఖాలు అయ్యాక అదే పద్ధతిలో స్కూటర్ల బొమ్మలు వచ్చాయి. వాటిలో ఒక్కటీ తప్పలేదు.

వర్షిణి తెరవైపు చాలాసేపు చూసింది.

“మాస్టారూ, మీకు ఇబ్బంది లేకపోతే ముఖాలది ఇంకోసారి చేద్దామాండీ? మీటలు తారుమారయ్యాయేమో.”

ఇంకోసారి చేశాడు. ఏ మార్పూ లేదు.

“కళ్ళు పరీక్ష చేయించుకున్నారాండీ ఈమధ్య?”

“మొన్న వేసవిలోనే చేయించుకున్నానమ్మా. బాగానే ఉన్నాయన్నారు.”

ఆమె ఆ మాట రాసుకుంది. మరుసటి వారం ఇంకో పరీక్షతో వచ్చింది. స్టాఫ్ అందరి అనుమతీ తీసుకుని, గ్రూప్ ఫోటోలోంచి ఒక్కొక్కరి ముఖం అలాగే గుడ్డులా కత్తిరించి తెచ్చింది. ఈసారి పోల్చక్కర్లేదు, ఎవరో చెబితే చాలు. రోజూ చూసే మనుషులే.

భాస్కరం ఒక్కరినీ చెప్పలేకపోయాడు. గొలుసు లేని శ్యామలాంబగారు ఎవరో తెలీలేదు. నడవని త్రిమూర్తులు ఎవరో తెలీలేదు. ఒక ముఖం దగ్గర ఆగి, “ఈయన మన స్టాఫ్ కాదేమోనమ్మా. పొరపాటున కలిసిపోయినట్టున్నాడు” అన్నాడు.

వర్షిణి కాస్త తటపటాయించింది. “అది మీ ఫోటోనేనండి” అంది.

భాస్కరం రోజూ పొద్దున్నే అద్దంలో చూసుకుని గెడ్డం గీసుకుంటాడు. అక్కడ ఉండేది ఒక్క మనిషే కాబట్టి ఏనాడూ అనుమానం రాలేదు.

“మీరు మనుషుల్ని ఎలా గుర్తుపడతారండీ?” అని అడిగింది వర్షిణి. అతను చెప్పాడు. గొంతు, నడక, చెప్పులు, సంచీ, కూర్చునే చోటు. చిన్నప్పుడు తీర్థానికి తీసుకెళ్ళినప్పుడు వాళ్ళమ్మ, “నాది ఆకుపచ్చ చీర, గుర్తుంచుకో” అని పదేపదే చెప్పేదనీ, దారిలో ఆకుపచ్చ చీర కట్టిన వేరే ఆవిడ చెయ్యి పట్టుకుని సగం దూరం వెళ్ళిపోయాననీ చెప్పాడు. ఇదంతా అందరూ పడే తిప్పలేననీ, మిగతావాళ్ళు తనకన్నా శ్రద్ధగా పడతారు కాబట్టి నెగ్గుకొస్తారనీ అనుకున్నానన్నాడు.

“అందరూ అలా పడరండి” అంది వర్షిణి. “కొంతమందికి పుట్టుకతోనే మెదడు ముఖాల్ని వేరువేరుగా దాచుకోదు. దానికో పేరు కూడా ఉంది. చూపుతో సంబంధం లేదు, తెలివితో సంబంధం లేదు. శ్రద్ధతో అసలే లేదండి. నేను డాక్టర్ని కాదు, ఖాయంగా చెప్పకూడదు. కానీ మీ ఫలితాలు అలాగే ఉన్నాయి.”

“మరి మీకెలా ఉంటుందమ్మా? ఇప్పుడు మీ అమ్మగారు ఆ గుమ్మంలోంచి వచ్చారనుకోండి.”

“అమ్మ అని తెలిసిపోతుందండి.”

“ఏం చూసి?”

ఆ అమ్మాయి ఆలోచించింది. “ఏం చూసీ కాదండి. ముందు తెలుస్తుంది. తర్వాత చూస్తాం.”

ఆ సాయంత్రం భాస్కరం గదికి వెళ్ళలేదు. బస్టాండులో సిమెంటు బెంచీ మీద కూర్చున్నాడు. మండపేట బస్సు ఆగింది. దిగుతున్న జనంలోంచి ఒకావిడ తల ఎత్తగానే, రోడ్డవతల నిలబడ్డ ముసలాయన గొడుగు ఊపాడు. ఆవిడ ఇంకా ఏమీ మాట్లాడలేదు, నడవనైనా లేదు. ఒక కుర్రాడు టీ తాగుతూ మధ్యలో గ్లాసు పెట్టేసి ఎవరి వెనకో పరుగెత్తి భుజం మీద చరిచాడు. అలా అటూ ఇటూ, ఎక్కడ చూసినా మనుషులు మనుషుల్ని ఏ ప్రయత్నమూ లేకుండా పట్టుకుంటున్నారు. ఇన్నేళ్ళూ తన కళ్ళముందే ఇది జరుగుతోంది. శ్రద్ధ తక్కువనుకున్నంత కాలం, కష్టపడితే ఎప్పటికో ఒకప్పటికి వాళ్ళలో కలుస్తాననే ఆశ ఏదో మిగిలి ఉండేది. చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాడు.

జరిగిపోయిన వాటికి కొత్త అర్థాలు వచ్చాయి. ముప్పై ఏళ్ళ వయసులో కొవ్వూరులో ఒక సంబంధం చూశారు. ఆ అమ్మాయి అతనికి నచ్చింది. భయం లేకుండా మాట్లాడింది, వంతెన మీద రైలు వెళ్తుంటే వీధి గదిలో గ్లాసులు ఎలా గలగలలాడతాయో చెప్పి నవ్వించింది. మరో వారానికి రాజమండ్రి స్టేషన్లో ఒక అమ్మాయి, తండ్రిలాంటి పెద్దాయన ఎదురొచ్చారు. అమ్మాయి కొంచెం నవ్వినట్టనిపించింది. భాస్కరం పక్కకి తప్పుకుని తన రైలుకి వెళ్ళిపోయాడు. నాలుగు రోజులకి మధ్యవర్తి కబురు తెచ్చాడు. అబ్బాయికి ఇష్టం లేదని ముఖంలోనే తెలిసిపోయిందన్నారట.

రెండోది అంతకన్నా బరువైనది. బుల్లబ్బాయి అతనికి ద్రాక్షారామంలో చదువుకునేటప్పటి నుంచీ స్నేహితుడు. కోటిపల్లి దగ్గర కొబ్బరితోటలు, వరిచేలూ చూసుకునే రైతు. భాస్కరాన్ని ‘ఒరేయ్’ అని పిలిచే మనిషి ఉన్నాడంటే అతనొక్కడే. వాళ్ళ నాన్నగారు పోయినప్పుడు భాస్కరం బడి తరఫున ట్రైనింగుకి వెళ్ళి, పెద్దకర్మ నాటికి గానీ వెళ్ళలేకపోయాడు. కాలవ గట్టున బంధువులు గుంపుగా ఉన్నారు. ముందు నిలబడ్డ ఒక గుండు మనిషిని, “బుల్లబ్బాయి ఎక్కడున్నాడండీ?” అని అడిగాడు. ఆ మనిషికి తల మీద జుట్టు లేదు, గుబురు మీసం లేదు. అతను భాస్కరాన్ని కాసేపు చూసి, “నేనేరా” అని అటు తిరిగిపోయాడు. వెనక ఎవరో, “వేళాకోళానికి ఇదా సమయం” అన్నారు. భాస్కరం విస్తరి ముందు కూర్చోకుండా వచ్చేశాడు. అది జరిగి పదేళ్ళ పైమాట. మళ్ళీ కలవలేదు.

వర్షిణి అతనికి ఒక సాధన ఇచ్చింది. రోజూ ఫోన్లో కొన్ని ముఖాలు చూడాలి, పేర్లు చెప్పాలి, తప్పయితే అదే చెబుతుంది. “పెద్దగా ఆశ పెట్టుకోకండి” అని ముందే అంది. భాస్కరం చెప్పిన దానికన్నా ఎక్కువే చేశాడు. అన్నం ఉడుకుతుంటే చేశాడు, బట్టలు ఆరేస్తూ చేశాడు. ఒకడికి కనుబొమ్మ మీద గాటు, ఒకావిడకి ముక్కు పక్కన మచ్చ, ఒకడికి పెదవి వంకర. కొన్ని వారాలకి తప్పులు బాగా తగ్గాయి. సంబరంగా వర్షిణికి ఫోన్ చేసి చెప్పాడు. ఆమె వచ్చి, అదే మనుషులవి పక్కనించి తీసిన ఫోటోలు, ఎండలో తీసినవి, నవ్వుతున్నవి చూపించింది. గాట్లూ మచ్చలూ నీడల్లో కలిసిపోయాయి. మళ్ళీ మొదటికొచ్చాడు.

“మీరు ఫోటోల్ని నేర్చుకున్నారండి” అంది వర్షిణి మెల్లిగా. “మనుషుల్ని కాదు.”

అదే ఫోటోల్ని అంతకుముందు హారతి చూసింది. రెండు మూడుసార్లు చూపించగానే ఎటునుంచి తీసినా చెప్పేసిందట. ఎలా చెప్పావని అడిగితే, “వాళ్ళే కదండీ” అందట.

వెళ్ళేముందు వర్షిణి ఇంకో మాట చెప్పడానికి కాస్త ఇబ్బందిపడింది. “మీ ఫలితం పెద్దవాళ్ళ సగటులో కలపడం కుదరదండి. కలిపితే లెక్క పక్కకి పోతుంది. విడిగా రాస్తాను. పేరు ఉండదు.”

“అంతేనమ్మా. అలాగే చెయ్యాలి” అన్నాడు భాస్కరం. పద్ధతి ప్రకారం అది సరైనదేనని అతనికి తెలుసు. ఆమెని ఆటో ఎక్కించి వచ్చి, కిటికీలకి కట్టిన దుప్పట్లు విప్పి మడతపెట్టాడు.

ఆ ఆదివారం కోటిపల్లి బస్సెక్కాడు.

బుల్లబ్బాయి ఇంటి ముందు కొబ్బరికాయల రాశి ఉంది. నలుగురైదుగురు మనుషులు పీచు ఒలుస్తున్నారు, ఒకరిద్దరు పక్కన నిలబడి ఉన్నారు. భాస్కరం గేటు దగ్గరే ఆగిపోయాడు. అందరికీ మీసాలున్నాయి. ఎవరో ఒకరు మాట్లాడేదాకా ఎదురుచూద్దామనుకున్నాడు.

నిలబడ్డవాళ్ళలో ఒకతను ఇటు తిరిగాడు. “ఎవరు కావాలండీ?”

గొంతు వినగానే భాస్కరానికి తెలిసింది. “నువ్వే” అన్నాడు.

“ఫర్వాలేదు, గుర్తుపట్టారే. రండి మాస్టారూ, కూర్చోండి.” బుల్లబ్బాయి ఆ ‘మీరు’ని ఒక్కో మాటకీ తగిలించి మరీ అన్నాడు.

అరుగు మీద కూర్చున్నారు. బుల్లబ్బాయి భార్య సంపూర్ణమ్మ మంచినీళ్ళు తెచ్చి, “ఎన్నాళ్ళకండీ అన్నయ్యగారూ” అని లోపలికి వెళ్ళింది. భాస్కరం చెప్పడం మొదలుపెట్టాడు. లాప్‌టాప్ సంగతి, వర్షిణి కత్తిరించిన ముఖాల సంగతి, తన ఫోటో తనకే తెలియని సంగతి. బుల్లబ్బాయి అంతా విని, లోపలి గోడ మీది ఫోటో చూపించాడు.

“అదెవరు?”

“మీ నాన్నగారు.”

“మరి తెలిసిందిగా.”

“దండ ఉంది. మీ ఇంటి గోడ. ఇంకెవరిదవుతుంది?”

బుల్లబ్బాయి ఫోను తీసి, ఏదో పెళ్ళిలో తీసిన గ్రూప్ ఫోటో తెరిచి ముందు పెట్టాడు. “నేనెక్కడున్నాను?”

భాస్కరం ఒక్కొక్క ముఖం మీదా ఆగుతూ వెళ్ళాడు. మళ్ళీ మొదటినుంచీ వచ్చాడు. ఫోను వెనక్కి ఇచ్చేశాడు. “తెలీదు బుల్లబ్బాయ్.”

బుల్లబ్బాయి అతని కళ్ళలోకి చూశాడు. తమాషా ఏమీ కనిపించనట్టుంది. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

“సరే. మొహం తెలీలేదు. నమ్ముతాను. ‘నేనేరా’ అన్నాక తెలిసిందా?”

“తెలిసింది.”

“మా నాన్న పోయాడని తెలుసు. నేను అక్కడే నిలబడ్డానని తెలుసు. ఆ మర్నాడు ఎందుకు రాలేదు? ఆపై నెల ఎందుకు రాలేదు? నా కూతురు పెళ్ళికి కార్డు పంపించాను. అప్పుడెందుకు రాలేదురా? ఫోన్లో మొహం కనబడక్కర్లేదుగా. దీనికి కూడా ఆ అమ్మాయి ఏమైనా పేరు చెప్పిందా?”

కాయలు ఒలిచేవాళ్ళు ఒక క్షణం ఆగి మళ్ళీ పనిలో పడ్డారు. బస్సులో వచ్చేటప్పుడు భాస్కరం చాలా మాటలు సిద్ధం చేసుకున్నాడు. ఈ ప్రశ్న ఒక్కటే వాటిలో లేదు. తన తప్పు కాదని చెప్పడానికి వచ్చాడు. కాలవ గట్టున జరిగినది నిజంగానే తన తప్పు కాదు. ఆ తర్వాత జరిగినదంతా మరి ఎవరిది?

“లేదు. దానికి పేరేమీ లేదు” అన్నాడు. “మొదట సిగ్గేసింది. తర్వాత ఆలస్యమైపోయిందనుకున్నాను. ఆ తర్వాత ఒక్కణ్ణే ఉండటం అలవాటైపోయింది.”

“నాకు అలవాటు కాలేదు” అన్నాడు బుల్లబ్బాయి. లేచి, కొబ్బరి రాశి దగ్గరికి వెళ్ళి, పనివాళ్ళతో ఏదో మాట్లాడుతూ నిలబడ్డాడు.

భాస్కరం అరుగు మీద ఒంటరిగా మిగిలాడు. వెళ్ళిపోదామా అనుకున్నాడు. ఎప్పుడూ చేసేది అదే. చెప్పులు కాళ్ళకి తగిలించుకున్నాడు కూడా. మళ్ళీ విడిచి కూర్చున్నాడు. ఎండ అరుగు మీదకి పాకింది. సంపూర్ణమ్మ వచ్చి అన్నానికి లేవమంది. భాస్కరం బుల్లబ్బాయి వైపు చూశాడు.

“తిని వెళ్ళు” అన్నాడు బుల్లబ్బాయి అటు తిరిగే.

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తిన్నారు. పనసపొట్టు కూర, పప్పుచారు. కొబ్బరి ధర పడిపోయిందన్న మాట తప్ప బుల్లబ్బాయి ఇంకేమీ మాట్లాడలేదు. తర్వాత మోటార్‌సైకిల్ మీద రోడ్డుదాకా దింపాడు. బస్సు వచ్చేదాకా ఇద్దరూ నిలబడ్డారు.

“మళ్ళీ వస్తాను” అన్నాడు భాస్కరం.

“నీ ఇష్టం.”

సోమవారం భాస్కరం శ్యామలాంబగారికి విషయం చెప్పాడు. ఆవిడ జాలిపడింది గానీ, “పిల్లలకి చెప్పకండి మాస్టారూ, ఏడిపిస్తారు” అంది. అతను తొమ్మిదో తరగతిలో కాంతి పాఠం మధ్యలో చెప్పేశాడు. తనకి ముఖాలు తెలియవనీ, బయట కనిపిస్తే ముందు పేరు చెప్పమనీ అన్నాడు. పిల్లలు నవ్వలేదు. వెనక బెంచీ నుంచి సూర్యతేజ లేచి, “అందుకేనాండీ మమ్మల్ని చోటు మారనివ్వరు?” అని అడిగాడు. అవునన్నాడు. ఆ వారమంతా బజారులో, బస్టాండులో, కూరల కొట్టు దగ్గర సైకిళ్ళు ఆపి మరీ పేర్లు చెప్పారు. క్రమంగా కొంతమంది మరిచిపోయారు, కొంతమంది మరవలేదు. పెద్దవాళ్ళకి ఈ కబురు చేరింది గానీ, పేరు చెప్పి పలకరించడం వాళ్ళకి నామోషీ అనిపించింది. వయసు మీదపడ్డాక పొగరుకి కొత్త సాకు దొరికిందని కొందరన్నారు. గదిలో సాయంత్రాలు ఎప్పటిలాగే నిశ్శబ్దంగా ఉన్నాయి.

రెండు వారాల తర్వాత ఆదివారం మళ్ళీ కోటిపల్లి వెళ్ళాడు. ముందు ఫోన్ చేశాడు, బుల్లబ్బాయి ఎత్తలేదు. అయినా వెళ్ళాడు. ఇంటి ముందు ఎవరూ లేరు. సంపూర్ణమ్మ బయటికొచ్చి, “ఆయన అమలాపురం వెళ్ళారండీ, సాయంత్రానికి గానీ రారు” అంది. ఫోన్ చూసే వెళ్ళాడా, పనుండే వెళ్ళాడా అన్నది ఆవిడ చెప్పలేదు, భాస్కరం అడగలేదు. కాఫీ ఇస్తే తాగాడు. అరుగు మీద కాసేపు కూర్చున్నాడు. తోటలో ఎక్కడో కొబ్బరికమ్మ తెగి పడింది. లేచి గ్లాసు ఆవిడ చేతికిచ్చాడు.

“వచ్చానని చెప్పండమ్మా. వచ్చే ఆదివారం కూడా వస్తానని చెప్పండి.”

“చెబుతానండీ” అంది సంపూర్ణమ్మ.

మూడింటి బస్సుకి ఇంకా చాలా టైముంది. ఎండలో రోడ్డుదాకా నడుచుకుంటూ వెళ్ళాడు.